పటాలం బాట

డబ్లిన్‌కు దక్షిణాన కొండల మీద రెండు వందల ఏళ్ళ నాటి రోడ్డు ఒకటుంది. తిరుగుబాటుదార్లను వేటాడటానికి వేశారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఎక్కే ఘాట్ కథ తెలిసిన తెలుగువాళ్ళు ఆ దారిలో కారు నడిపితే బుర్రలో రెండు రోడ్లు నడుస్తాయి.

1809 అక్టోబరులో విక్లో కొండల మీద రోడ్డు పని ముగిసింది. ఎవరి భయంతో 1800లో ఆ పని మొదలుపెట్టారో ఆ మైకేల్ డ్వయర్ అప్పటికి కొండల్లో లేడు. ఆరేళ్ళ కిందటే, 1803 డిసెంబరులో, లొంగిపోయాడు. ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపేశారు. ఆ ఓడ పేరు టెల్లిచెర్రీ, అంటే మన మలబారు తీరంలోని తలశ్శేరి పేరే. 1806 ఫిబ్రవరిలో సిడ్నీలో దిగినవాడికి అక్కడ వంద ఎకరాలు ఇచ్చారు. ఇంకొన్నేళ్ళు గడిచాక లివర్‌పూల్ అనే కొత్త ఊరికి అతన్నే పోలీసు అధికారిని చేశారు. అతని కోసం తవ్విన రోడ్డు మాత్రం విక్లోలో అలాగే ఉండిపోయింది. ఇవాళ దాని మీద మనవాళ్ళు పులిహోర డబ్బాలు వెనక సీట్లో పెట్టుకుని తిరుగుతున్నారు.

మనవాళ్ళంటే ఎక్కువగా సిటీవెస్ట్‌వాళ్ళు. డబ్లిన్ నగరానికి నైరుతి అంచున ఉందీ ఊరు. ఊరనడం మర్యాద కోసమే. ఒక పక్క కార్క్, లిమరిక్ వెళ్ళే లారీల హోరుతో నేస్ రోడ్డు, ఇంకో పక్క ఆఫీసు పార్కులు, మధ్యలో అపార్ట్‌మెంట్లు. 2011లో ఎర్ర లైను ట్రామ్ పక్కనున్న సాగర్ట్ దాకా వచ్చాక ఇళ్ళు పెరిగాయి. 2022 జనాభా లెక్కల్లో ఐర్లాండులో ఉంటున్న భారత పౌరులు 45 వేల పైచిలుకు తేలారు. అందులో తెలుగువాళ్ళెందరో ఆ లెక్క చెప్పదు గానీ, ఇక్కడి లిఫ్టుల్లో ఫోను మాట్లాడేటప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం మంచిది. పక్కనున్నావిడకు అంతా అర్థమవుతుంది.

ఈ అపార్ట్‌మెంట్ల నుంచి దక్షిణానికి చూస్తే కొండలు కనిపిస్తాయి. ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు వెళితే ఇల్లు లేదు, చెట్టు లేదు, పెట్రోలు బంకు లేదు. ఒక రాజధాని నగరానికి ఇంత దగ్గరలో ఇంత నిర్మానుష్యం ఉండటం వింతే. ఐర్లాండు 53వ అక్షాంశం మీద ఉంది, కశ్మీరు కంటే ఎంతో ఉత్తరాన. డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా దీపం లేకుండా పేపరు చదువుకోవచ్చు. కొండ మీద ఈ రెండు కాలాలూ ఒకే రోజులో ఎదురుపడతాయని ఇక్కడివాళ్ళు నవ్వుతూ అంటారు.

కారన్‌వాలిస్ ఇక్కడా ఉన్నాడు

1798 వేసవిలో ఐర్లాండు తిరగబడింది. యునైటెడ్ ఐరిష్‌మెన్ అనే సంఘం నడిపిన ఆ తిరుగుబాటు జూన్ 21న వెక్స్‌ఫర్డ్‌లో వినెగర్ హిల్ దగ్గర చితికిపోయింది. ఓడినవాళ్ళలో కొందరు ఇళ్ళకు పోయారు, కొందరు ఉరికంబం ఎక్కారు, మిగిలినవాళ్ళు విక్లో కొండలెక్కారు. డ్వయర్ ఆ కొండల్లోని ఇమాల్ లోయ మనిషి, రైతు బిడ్డ. ప్రతి గొర్రెల కాపరీ అతనికి వేగులవాడే. 1799 ఫిబ్రవరిలో డెర్రీనమక్ అనే పల్లెలో అతను తలదాచుకున్న పూరింటిని సైన్యం చుట్టుముట్టింది. వెంట ఉన్న శామ్ మకలిస్టర్ అప్పటికే గాయపడ్డాడు. తను ఎలాగూ బతకననుకుని తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. తుపాకులన్నీ అతని మీదే పేలాయి. సైనికులు మళ్ళీ మందు కూరుకునేలోగా డ్వయర్ మంచులో ఉత్తకాళ్ళతో పరుగెత్తి తప్పించుకున్నాడని చెప్పుకుంటారు.

ఇలాంటి మనిషి పెరట్లో తిరుగుతుంటే భూస్వాములకు నిద్రెలా పడుతుంది? 1800 ఫిబ్రవరిలో విక్లో భూస్వాములు కొండల గుండా సైన్యం వెళ్ళే రోడ్డు వేయమని డబ్లిన్ కోటకు అర్జీ పెట్టుకున్నారు. ఆ కోటలో అప్పుడు రాజప్రతినిధిగా ఉన్నది కారన్‌వాలిస్. అవును, మన చరిత్ర పుస్తకాల్లోని కారన్‌వాలిసే. 1793లో బెంగాలులో భూమి శిస్తును శాశ్వతంగా ఖరారు చేసి జమీందార్లను స్థిరపరిచి వచ్చినవాడు. ఆ పద్ధతినే 1802 నుంచి ఉత్తర సర్కారులకూ దించారు. విజయనగరం, బొబ్బిలి, గోలుగొండ వైపు కొండ జనం ఆ శిస్తు బరువును తర్వాత ఏళ్ళ తరబడి మోశారు.

రోడ్డు వేసే పని అలెగ్జాండర్ టేలర్ అనే స్కాట్లాండు ఇంజినీరు చేతికి వచ్చింది. ఇలాంటి పనికి స్కాట్లాండులో అప్పటికే ముందు మాదిరి ఉంది. 1715లో అక్కడి కొండజాతులు తిరగబడితే 1725 నుంచి జనరల్ వేడ్ సైనికుల చేత వందల మైళ్ళ రోడ్లు వేయించాడు. 1745లో మళ్ళీ తిరుగుబాటు వచ్చినప్పుడు యువరాజు చార్లెస్ సేన వేడ్ వేయించిన కొరియరిక్ కనుమ రోడ్డెక్కి దక్షిణానికి దిగింది. లండనులో ఈ సంగతి మరిచిపోయారో, రోడ్డు తప్ప వేరే మందు తోచలేదో, యాభై అయిదేళ్ళకు విక్లోలో అదే మందు మళ్ళీ నూరారు.

కింద భూమి లేదేటి?

డబ్లిన్ శివారు రాత్‌ఫార్నమ్ దగ్గర మొదలై, గ్లెన్‌క్రీ, సాలీ గ్యాప్, లారా, గ్లెన్‌మలూర్ మీదుగా ఆహవన్నా దాకా దాదాపు అరవై కిలోమీటర్లు సాగుతుందీ రోడ్డు. ఇప్పటికీ ఇక్కడివాళ్ళకు ఇది మిలిటరీ రోడ్డే. లారా దాకా ఉన్న భాగానికి సర్కారు పెట్టిన నంబరు ఆర్115.

కష్టం దూరంలో లేదు. విక్లో కొండల నెత్తి మీద ఉన్నది మట్టి కాదు, పీట్. నాచు చచ్చి, నీళ్ళలో కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న నల్లటి పదార్థం. అందులో తొమ్మిది పాళ్ళు నీరే. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుతుందంటే మనిషెత్తు పొర కింద రెండు వేల ఏళ్ళ దాకా ఉన్నట్టు లెక్క. పైన గడ్డి మీగడలా కట్టి ఉంటుంది. నమ్మి అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది.

మా మావయ్య నర్సీపట్నం మనిషి. ఆర్ అండ్ బి శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కూతురి దగ్గరికి వచ్చినప్పుడు సాలీ గ్యాప్ తీసుకెళ్తే ఆయన సరస్సు చూడలేదు, కొండ చూడలేదు. కారు దిగి రోడ్డు అంచున గొంతుక్కూర్చుని మడమతో నేలను రెండు సార్లు తొక్కారు. పక్కన నిలబడ్డ నాకు నేల ఊగినట్టయింది.

"ఇదేట్రా అల్లుడూ, దీని కింద భూమి లేదేటి?" అన్నారు.

తర్వాత అరగంట పాటు పిల్లలు చలికి కారులో కూర్చుంటే ఆయన నాకు రోడ్డు పాఠం చెప్పారు. ఇలాంటి చోట మొదట వేసేది రోడ్డు కాదు, కాలవ. రెండు పక్కలా లోతుగా కాలవలు తీసి, వాటికి పిల్లకాలవలు కలిపి, నీరు దిగనివ్వాలి. నీరు పోయినకొద్దీ పీట్ కుంగుతుంది. అది కుంగాక పైన గ్రావెల్ పరిచి, మళ్ళీ కుంగనిచ్చి, మళ్ళీ పరవాలి. తొందరపడినవాడి రోడ్డు మూడో వానకి మాయమవుతుంది. గ్రావెల్ దూరం నుంచి రాదు, దారి పక్కన ఎక్కడ గట్టి నేల దొరికితే అక్కడే గుంట తీయాలి. ఆయన చెప్పిన గుంటలు విక్లోలో ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నింటిలో ఇప్పుడు కార్లు ఆపి సెల్ఫీలు దిగుతున్నారు. తారు మీద కనిపించే అలలు కూడా ఆ కుంగుడు పుణ్యమే. రెండు వందల ఏళ్ళయినా కింద పీట్ ఇంకా సర్దుకుంటూనే ఉంది. వేగంగా పోతే కారు అల మీద నుంచి అలకు గెంతుతుంది.

ఉత్తరాది నేల ఎక్కడైనా ఇంజినీర్లకు ఇదే పరీక్ష పెడుతుంది. 1942లో జపాను భయంతో అమెరికా సైన్యం కెనడా మీదుగా అలాస్కాకు రెండున్నర వేల కిలోమీటర్లు దాటిన రోడ్డు వేసింది. మార్చిలో మొదలుపెట్టి నవంబరుకల్లా లారీలు నడిపారు. పని చేసిన పది వేల మందికి పైగా సైనికుల్లో దాదాపు మూడో వంతు నల్లజాతి దళాలవాళ్ళు. పరిచయం లేని చలిలో వాళ్ళను దింపారు. బుల్‌డోజర్లు పై నాచు గీకేసరికి కింద వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగి బురదైంది. అప్పుడు నాచును కదపకుండా దాని మీదే దుంగలు పరచడం నేర్చుకున్నారు. టేలర్ చేతిలో బుల్‌డోజరు లేకపోవడం విక్లో అదృష్టం. పారలూ గునపాలూ పట్టుకున్నవాడికి నేల మాట వినే తీరిక ఉంటుంది.

పారలు పట్టినవాళ్ళు ఎవరన్నది ఈ కథలో ముఖ్యం. విక్లోలో సైనికులే తవ్వారు. జీతం మీద వాళ్ళకు అదనపు కూలి ముట్టింది. చుట్టుపక్కల జనాన్నీ కూలికి పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నర్సీపట్నం వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

నడిపేవాళ్ళకు

ఇండియాలో పాతికేళ్ళు నడిపినా ఐర్లాండులో స్థిరపడితే లైసెన్సు మళ్ళీ మొదటి నుంచే. మన లైసెన్సును మార్చి ఇవ్వరు. థియరీ పరీక్ష, శిక్షకుడి దగ్గర పాఠాలు, రోడ్డు పరీక్ష, ఆ తర్వాత రెండేళ్ళు కారుకు ఎన్ అనే అక్షరం. ఎడమ పక్కనే నడపాలి కాబట్టి చేతులకు కొత్తేమీ ఉండదు, కళ్ళకే కొత్త. విశాఖ బీచ్ రోడ్డులో ఆటోలను తప్పించిన కళ్ళు ఇక్కడ గొర్రెలను తప్పించాలి. ఆ గొర్రెలకు వీపు మీద ఎరుపో నీలమో రంగు పూసి ఉంటుంది. కంచెల్లేని కొండ మీద ఎవరి మంద ఎవరిదో తెలియడానికి. వర్షం వెలిశాక తారు వెచ్చగా ఉంటుందని రోడ్డు మధ్యలో పడుకుంటాయి. హారను కొట్టినా లేవవు. ఇంజను ఆపి ఓపిక పట్టడమే దారి.

సిటీవెస్ట్ నుంచి సాలీ గ్యాప్‌కు రెండు దార్లు. టాలా మీదుగా కిల్లకీ ఎక్కితే ఫెదర్‌బెడ్స్ అనే బాగ్ (పీట్ నేల) మీదుగా అసలు మిలిటరీ రోడ్డులోనే వెళ్ళొచ్చు. వేసవిలో అక్కడ కొన్ని చోట్ల ఇప్పటికీ పొయ్యిలోకి పీట్ ఇటుకలు కోసి ఎండబెడుతుంటారు. కొత్త డ్రైవర్లకు రెండోది తేలిక. ఎన్81లో బ్లెసింగ్టన్ వైపు వెళ్ళి, మధ్యలో ఎడమకు తిరిగి, పసి లిఫీ నది పక్కనే ఆర్759లో ఎక్కాలి. డబ్లిన్ నడిబొడ్డున వంతెనల కింద గంభీరంగా పారే లిఫీ పుట్టింది సాలీ గ్యాప్ పక్కన బాగ్‌లోనే. అక్కడ దాన్ని పిల్లలు దూకి దాటేస్తారు.

సాలీ గ్యాప్ ఒక నాలుగు రోడ్ల కూడలి, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల ఎత్తు. ఉత్తరాన 757 మీటర్ల కిప్యూర్ శిఖరం, దాని నెత్తిన టీవీ టవరు. తూర్పుకు దిగితే లాక్ టే అనే నల్లటి సరస్సు. ఒడ్డున తెల్లటి ఇసుక ఉండటంతో గిన్నిస్ బీరు గ్లాసు పోలిక పెట్టేశారు, ఆ చుట్టుపక్కల ఎస్టేటు చాలాకాలం గిన్నిస్ కుటుంబం చేతిలో ఉండటం ఇంకో కారణం. మెల్ గిబ్సన్ 'బ్రేవ్‌హార్ట్' 1995లో వచ్చింది. అందులో కొన్ని దృశ్యాలు ఈ కొండల్లోవే. స్కాట్లాండు తిరుగుబాటుదారుడి సైన్యంగా పరుగెత్తింది ఐర్లాండు రిజర్వు సైనికులు. తిరుగుబాటుదార్లను పట్టడానికి వేసిన రోడ్డులో షూటింగు వ్యాన్లు ఎక్కాయి.

మంచు పడితే కొండ మూసుకుపోతుంది. 2018 మార్చి మొదట్లో ఎమ్మా తుపాను వచ్చినప్పుడు విక్లో ఎత్తుల్లో కార్లు కనపడనంత మంచు పేరుకుంది. దిగువన సిటీవెస్ట్‌లో వాన అంటే పైన మంచు అనుకోవడమే క్షేమం. ఫోను సిగ్నలు చాలాచోట్ల దొరకదు కాబట్టి మ్యాపు ముందే దింపుకోవాలి. 2025 ఫిబ్రవరి నుంచి పల్లెల చిన్న రోడ్ల మీద వేగం హద్దు 80 నుంచి 60కి తగ్గించారు. లారా దాటాక దారి సన్నబడే చోట అరవై కూడా ఎక్కువే.

సైనికుల ఇళ్ళలో ఎవరెవరు

రోడ్డు వెంట సైన్యానికి బారకాసులు కట్టారు. గ్లెన్‌క్రీ, లారా, గ్లెన్‌మలూర్‌లో డ్రమ్‌గాఫ్, చివర ఆహవన్నా. రాతి గోడలు, సన్నటి కిటికీలు, తుపాకి పెట్టడానికి రంధ్రాలు. కట్టడం అయ్యేసరికి పట్టుకోవలసినవాళ్ళు లేరు. కొన్నేళ్ళకే ఖాళీ అయ్యాయి. ఖాళీ ఇంట్లో ఎవరో ఒకరు చేరకుండా ఉండరు కదా.

గ్లెన్‌క్రీ బారకాసులో 1859 నుంచి 1940 దాకా నేరం చేసిన మగపిల్లలకు సంస్కరణాలయం నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్ళూ తల్లిదండ్రులూ పోగొట్టుకున్న జర్మనీ పిల్లలను కొంతకాలం అక్కడ ఉంచారు. ఉత్తర ఐర్లాండు బాంబులతో దద్దరిల్లుతున్న 1974లో సయోధ్య కోసం పుట్టిన సంస్థ ఆ గోడల్లోనే చేరింది. ఇప్పటికీ శత్రువులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని చేస్తోంది. పక్కనే రాతి గుట్ట కింద 1961లో ఏర్పడ్డ జర్మన్ సైనికుల శ్మశానం ఉంది. 134 సమాధులు. అందులో ఒకటి హెర్మన్ గోర్ట్జ్ అనే గూఢచారిది. 1940 మేలో పారాచూట్‌తో ఐర్లాండులో దిగిన అతను ఆశ్రయం కోసం వెళ్ళిన ఇల్లు లారా బారకాసే. అప్పటికి అది నివాసంగా మారి అందులో ఇసోల్ట్ స్టువర్ట్ అనే ఆవిడ ఉంటోంది. ప్రసిద్ధ జాతీయవాది మాడ్ గాన్ కూతురు. రాజుకు ఎదురు తిరిగినవాళ్ళను పట్టడానికి కట్టిన ఇంట్లో రాజుకు శత్రువైన దేశపు గూఢచారి దాక్కున్నాడు. ఆహవన్నా బారకాసును ఐర్లాండు స్వపరిపాలన కోసం పోరాడిన పార్నెల్ వేటవిడిదిగా వాడుకున్నాడు, ఆయన తర్వాత ఆ పార్టీని నడిపిన జాన్ రెడ్‌మండ్ ఇల్లుగా చేసుకున్నాడు. డ్రమ్‌గాఫ్ మాత్రం కప్పు లేకుండా శిథిలమై నిలబడి ఉంది. ఆ లోయ స్వభావమే అంత. 1580లో అక్కడే ఫీయక్ మాక్‌హ్యూ ఓబర్న్ అనే కొండదొర ఇంగ్లీషు సేనను చిత్తు చేశాడు.

బాస్టియన్ రోడ్డు

మావయ్య సాలీ గ్యాప్‌లో లేచి మోకాళ్ళు దులుపుకుంటూ, "మన లంబసింగి ఘాట్ కూడా ఇలాగే ఎక్కుతాది. కాపోతే అక్కడ తవ్వినోళ్ళు వేరు" అన్నారు.

నర్సీపట్నం ప్రాంతంలో బాస్టియన్ పేరు ఇంకా బతికే ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు. నర్సీపట్నం నుంచి కొండెక్కి లంబసింగి, చింతపల్లి వైపు రోడ్డు వేయించే పని అతని చేతికొచ్చింది. అప్పటికే కొండ జనం కడుపు మండి ఉంది. 1879లో మొదలైన రంప ఫితూరీని అణిచివేశారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, కట్టెపుల్ల మీద, పశువుల మేత మీద ఆంక్షలొచ్చాయి. ముఠాదార్లనే కొండ పెద్దల అధికారం పోయింది. బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా పనిలోకి తోలాడు. ఖరారైన కూలి వాళ్ళ చేతికి పూర్తిగా రాలేదు. ఎదురు చెప్పినవాళ్ళను కొట్టించాడు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటం దొర కొలువు పోయింది. తమ్ముడు మల్లు దొరతో కలిసి అతను అల్లూరి సీతారామరాజు వెంట నడిచాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. 26 తుపాకులు, రెండు వేల అయిదు వందల తూటాల దాకా చేజిక్కాయి. ఎత్తుకెళ్ళినవాటికి పట్టీ రాసి సంతకం చేసి వెళ్ళాడు రాజు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు కాల్పుల్లో చనిపోయారు. రోడ్డు లేని సన్న బాటలో వరసగా నడవాల్సిరావడమే పోలీసుల పాలిట శాపమైంది. మలబారు పోలీసులు వచ్చారు, 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. మే 7న కొయ్యూరు దగ్గర రామరాజును చంపేశారు.

విక్లోలో రోడ్డు తిరుగుబాటు అయిపోయాక వచ్చింది. మన్యంలో తిరుగుబాటు రోడ్డు పని లోంచే పుట్టింది. దారి వేయడానికి సర్కారు చెప్పుకున్న కారణాలు రెండు చోట్లా ఒకటే: కొండ మీద ఏం జరుగుతోందో కింద తెలియాలి, కింది మనిషి గంటల్లో పైకి చేరాలి. తేడా అంతా పార పట్టినవాడి దగ్గర ఉంది. తన మెడకు తనే తాడు పేనుకోమంటే గూడెం మనిషి ఊరుకోలేదు. విక్లో మనిషిని ఆ పనికి ఎవరూ బలవంతంగా తోలలేదు, తోలి ఉంటే టేలర్ రోడ్డు గ్లెన్‌క్రీ కూడా దాటేది కాదేమో.

రెండు కథల్లో పోలిక ఇంకొకటుంది. డ్వయర్ ఆస్ట్రేలియాలో పోలీసయితే, అండమాను శిక్ష అనుభవించి వచ్చిన గాం మల్లు దొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. బాస్టియన్ రోడ్డులో పని చేయించిన సర్కారు పోయి, ఆ రోడ్డు మీద కొట్టించుకున్నవాళ్ళ మనిషి ఢిల్లీలో కూర్చున్నాడు.

ఐర్లాండుకు కూడా బలవంతపు రోడ్ల అనుభవం వచ్చింది, కాకపోతే నలభై ఏళ్ళు ఆలస్యంగా. 1846–47 కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకు తిండి ఊరికే ఇవ్వకూడదని రోడ్డు పనులు పెట్టారు. 1847 మార్చిలో ఏడు లక్షల మంది రాళ్ళు కొట్టారు. కొండ మీద మొదలై కొండ మీదే ఆగిపోయే రోడ్లు, ఏ ఊరికీ పోనివి, పడమటి ఐర్లాండులో ఇంకా కనిపిస్తాయి. లండనులో ఖజానా తాళాలు పట్టుకుని ఆ పద్ధతిని నడిపిన చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. ఆదాయపు పన్నును బహిరంగంగా వ్యతిరేకించినందుకు ఏడాది తిరిగేసరికి వెనక్కి పిలిపించారు. ఆకలి మనిషి విషయంలో లేని సాహసం పన్ను విషయంలో వచ్చింది. 1877–78 కరువులో మద్రాసు రాష్ట్రంలోనూ అదే నడిచింది. బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం ఆకలి చేతులు తవ్విందే. కాకపోతే ఆ కాలవ మీద పడవలు తిరిగాయి, కాకినాడ నుంచి మద్రాసు దాకా సరుకు చేరింది.

ఇప్పుడు మన్యంలో జాతీయ రహదారి పడుతోంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఇ. నాలుగు వందల కిలోమీటర్ల పైనే. రామరాజు పడిపోయిన కొయ్యూరు ఇప్పుడు ఒక జాతీయ రహదారి మీద ఊరు. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో మంచు చూడటానికి విశాఖ నుంచి కార్లు బారులు తీరుతున్నాయి. ఘాట్ దిగువన తేలిగ్గా పోయే ఆ కార్లకు ఎదురుగా, రోడ్డు చేరని పైఊళ్ళ నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే మనుషులు ఇంకా నడుస్తున్నారు. కేంద్రం 2016లో తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం విడిగా రోడ్ల పథకం పెట్టింది. ఆ రోడ్లకు మొదటి ప్రయాణికులు ఎవరో పథకం పేరులోనే ఉంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'అడవితల్లి బాట' పేరుతో సుమారు వెయ్యి కోట్ల పనులను డుంబ్రిగూడ మండలం పెదపాడులో మొదలుపెట్టింది. ఇవి గిరిజన గూడేలకు వెళ్ళే చిన్న రోడ్లు. నా లెక్కలో 516ఇ కంటే ఇవే పెద్దవి. పెద్ద రహదారి ఎక్కడెక్కడికో పోయేవాళ్ళ కోసం. పెదపాడు వైపు వేసేది ఆ ఊరి నుంచి ఆసుపత్రికి దిగేవాళ్ళ కోసం. కూలి రేటు బోర్డు మీద రాసి, పని చేసినవాడి ఖాతాలో పడితే బాస్టియన్ పేరు కొండల్లో పాతబడుతుంది.

లారా దాటి వెళ్ళండి

సిటీవెస్ట్ నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది సాలీ గ్యాప్‌లో ఫొటో దిగి, గ్లెన్‌డలోలో రాతి గోపురం చూసి తిరిగిపోతారు. గ్లెన్‌డలోలో ఆరో శతాబ్దపు సన్యాసి సెయింట్ కెవిన్ ఆశ్రమం, సరస్సులూ ఉన్నాయి, కాదనను. కానీ మిలిటరీ రోడ్డు అసలు స్వభావం లారా దాటాకే తెలుస్తుంది. గ్లెన్‌మలూర్‌కు దిగే మలుపులు, డ్రమ్‌గాఫ్ శిథిలం, మళ్ళీ ఎక్కి ఆహవన్నా. దారిలో ఎదురు కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీసుకోవాలి. ఇక్కడ వెనక్కి తీసుకున్నవాడికి ఎదుటివాడు చేయెత్తి దండం పెడతాడు. ఈ ఒక్క అలవాటునూ ఘాట్ రోడ్లకు తీసుకుపోతే బాగుండునని మావయ్య మూడు సార్లు అన్నారు.

ఆహవన్నా దగ్గర రోడ్డు ఆగుతుంది. అక్కడి నుంచి పశ్చిమానికి చిన్న దార్లలో వెళ్తే ఇమాల్ లోయ. డెర్రీనమక్ పూరిల్లు ఇప్పుడు ప్రభుత్వ సంరక్షణలో ఉంది, డ్వయర్ మకలిస్టర్ కాటేజ్ అని బోర్డు పెట్టారు. వేసవిలో తెరుస్తారు. వెళ్ళే ముందు సమయాలు చూసుకోండి. ఆ లోయలోనే కొండ పక్కకు నడకకు వెళ్దామనుకుంటే మాత్రం ముందు హెచ్చరిక బోర్డులు చదవాలి. డ్వయర్‌ను అయిదేళ్ళు దాచిన ఇమాల్ లోయ ఇవాళ ఐర్లాండు సైన్యం ఫిరంగులు పేల్చి సాధన చేసే మైదానం. ఎర్ర జెండా ఎగురుతున్న రోజున గొర్రెలు కూడా అటు పోవు. తిరుగు బాటలో బ్లెసింగ్టన్ మీదుగా సిటీవెస్ట్‌కు ముప్పావు గంట.